గుట్ట మీద మోగని గంట

కుంటలో బాతులకు సొంత కంప్యూటర్లు ఉండేవి. వాటి కోసం బాతులే ఒక ప్రోగ్రామింగ్ భాష చేసుకున్నాయి, పేరు ఈతపలుకు. అందులో "గంట కొట్టు" అని రాస్తే చాలు, బాతుల కంప్యూటర్‌లోనే ఉన్న గంట గణగణమనేది. ఈమధ్య ఆ భాషను బయటివాళ్ల కంప్యూటర్లకూ ఇచ్చాయి. భాషను మాత్రమే, గంటను కాదు. ఆ సంగతి చెప్పాయి కూడా, వినేవాడెవడు?

పక్కనే గుట్ట మీద మేకలకు పాత సామాన్లతో కూర్చుకున్న కంప్యూటర్ ఒకటుంది. పోయిన వానల్లో చిరుత వచ్చి ముసలి మేక బొల్లమ్మ మనవరాలిని ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి ఆవిడకు కంటిమీద కునుకు లేదు. గుమ్మం మీది కెమెరాలో చిరుత కనపడగానే గంట మోగే ప్రోగ్రామ్ కావాలని అడిగితే, నక్క మాచయ్య పరిగెత్తుకొచ్చాడు.

"బాతులకు రాసిచ్చింది నేనే కదత్తా! అదే ఇక్కడా పెడతా. వానాకాలమంతా మీ కొట్టంలో వెచ్చగా పడుకోనిస్తే చాలు."

"బాతుల భాష మన దాంట్లో ఆడుతుందా అల్లుడూ?"

"ఆడకేం!" మాచయ్య మీటలు టకటకలాడించాడు. తెర మీద "నమస్కారం" అని పడింది. మేకలన్నీ గెంతులేశాయి. బొల్లమ్మ మొగుడు కర్రయ్య అయితే తెరకు తిరిగి దణ్ణం పెట్టాడు.

"నమస్కారం సరే, గంటేదీ?" అంది బొల్లమ్మ.

"చిరుత వస్తే కదత్తా మోగేది! ఇది వచ్చిందంటే అన్నీ వచ్చినట్టే."

"అయితే ఈ మధ్యాహ్నం గుమ్మంలో పడుకో. మేం మేతకెళ్లొస్తాం."

మంద గుట్ట అవతలికి వెళ్లింది. మాచయ్య గుర్రుపెట్టాడు. బొల్లమ్మ మాత్రం కొట్టం వెనక్కి పోయి, గోనెసంచి మీద బొగ్గుతో మచ్చలు పెట్టి మొగుడికి కప్పింది.

"దురద పెడుతోందే."

"చిరుతలు గోక్కోవు. నడువయ్యా."

కర్రయ్య గుమ్మం ముందుకొచ్చాడు. తెర మీద "చిరుత వచ్చింది" అని పడింది. దాని కింద "గంట దొరకలేదు" అని పడింది. చప్పుడు మాత్రం లేదు. కర్రయ్య వంగి నక్క ముక్కు నాకాడు.

కళ్లు తెరిచిన మాచయ్యకు మచ్చలే కనపడ్డాయి గానీ గడ్డం కనపడలేదు. వాడు పెట్టిన కేకకు గుట్ట అవతలి మందంతా ఎత్తయిన బండ ఎక్కేసింది.

"గంట దొరికింది అల్లుడూ, నువ్వే!" అని వెనకనుంచి అరిచింది బొల్లమ్మ. "వానాకాలమంతా గుమ్మం బయట నిలబడి ఇలాగే మోగు!"

మాచయ్య ఆగితే కదా! కొట్టం అడగడానికి వాడు మళ్లీ ఆ గుట్ట ఎక్కలేదు. సాయంత్రం కబురు విని బాతులే వచ్చి, ఎద్దు మెడగంట ఒకటి తీగతో కంప్యూటర్‌కు కట్టి, దానికి తగ్గట్టు ప్రోగ్రామ్ మార్చాయి. కర్రయ్య మళ్లీ గోనె కప్పుకుని కెమెరా ముందుకు నడిచాక, ఆ గంట చెవులారా విన్నాక, బొల్లమ్మ హాయిగా నిద్రపోయింది.

నీతి: ఒకచోట ఆడిన ప్రోగ్రామ్ ఇంకోచోటా ఆడుతుందని మాటిచ్చే ముందు, అక్కడ దాన్ని చివరిదాకా ఆడించి చూడాలి.