తిప్పమ్మ ఆకు లెక్క

వెనకటికి వేగులపురి రాజ్యాన్ని ప్రతాపకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గానీ ఆయనకొక జబ్బు ఉండేది. ఎవరిదైనా తనదానికంటే బాగుందని వింటే చాలు, అన్నం సహించేది కాదు. పొరుగు రాజు మీసం అందంగా ఉందని ఎవరో అన్నందుకు మూడు నెలలు దర్బారు మానేసి తన మీసాలకు నూనె పట్టించుకున్నాడు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. రోహిణి కార్తె వచ్చేసరికి రాజుగారి పూలతోటలో మల్లెపొదలన్నీ మాడి పుల్లలయ్యాయి. రోజూ వంద కావిళ్ల నీళ్లు పోసినా సాయంత్రానికల్లా నేల నెర్రెలు విచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం కనకాంబిక రాణి జడ నిండా మల్లెలు పెట్టుకుని వచ్చింది.

"ఇవి మన తోటవేనా?" అని రాజు ఆశగా అడిగాడు.

"మన తోటలో పువ్వెక్కడిది ప్రభూ? కోటగోడ అవతల తిప్పమ్మ అని పూలమ్ముకునే ఆవిడ ఉంది, ఆమె తోటవి. ఎంత కమ్మటి వాసనో చూడండి" అంటూ రాణి జడ ముందుకు వేసుకుంది.

రాజు వాసన చూడలేదు. భోజనం దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందని కసిరాడు. వేసి తెస్తే ఎక్కువైందని కసిరాడు.

తెల్లవారగానే కోటగోడ ఎక్కి అవతలికి తొంగి చూశాడు. పట్టుమని పాతిక మళ్లు లేవు ఆ తోటలో. కానీ ప్రతి పొదా పచ్చగా, తెల్లగా విరగబూసి ఉంది. రాజుగారి కడుపులో నిప్పు రాజుకుంది. వెంటనే తిప్పమ్మకు కబురు పంపాడు.

తిప్పమ్మ నలభై ఏళ్ల మనిషి. భర్త పోయాక ఒంటి చేత్తో తోట పెంచుకుంటోంది. రాజసభలోకి వచ్చి దండం పెట్టి నిలబడింది.

"నీ తోటకు ఏం మందు వేస్తున్నావు?" అన్నాడు రాజు.

"మందేమీ లేదు ప్రభూ. మొక్కల చుట్టూ నేల మీద నాలుగు వేళ్ల మందాన ఎండుటాకు పరుస్తాను. ఎండ నేలకు తగలదు, తడి ఆరదు."

"అంత ఆకు నీకెక్కడిది?"

తిప్పమ్మ కాస్త తటపటాయించింది. "తమరి తోటదే ప్రభూ. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చి మీ మనుషులు గోడ బయట పారబోస్తారు కదా. నేను ఎత్తుకుపోతాను."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం కందిపోయింది. తన ఆకు! తన ఆకుతోనే ఆమె తోట పచ్చగా ఉంది!

"అయితే నా తోటకు ఎన్ని బండ్ల ఆకు కావాలో నువ్వే లెక్క తేల్చు. పరిచాక ఒక్క గంప తగ్గకూడదు, ఒక్క గంప మిగలకూడదు. లెక్క సరిపోతే కోరింది ఇస్తాను. తప్పిందో, నీ తోట నాది" అన్నాడు.

ఆ తోట తప్ప తిప్పమ్మకు వేరే ఆధారం లేదు. అయినా, "చిత్తం ప్రభూ" అంది.

ఆస్థాన గణిత పండితుడు వామనాచార్యులు అప్పటికప్పుడే ఆ లెక్క మీద పన్నెండు తాటాకులు నింపేశాడు. ఎండుటాకు మందాన్ని నలగక ముందు కొలవాలా, నలిగాక కొలవాలా అన్నచోట ఆగిపోయాడు. తిప్పమ్మ తాటాకు అడగలేదు. ఒక గంప అడిగింది. ఒక్క మడిలో మొదళ్ల దగ్గర జానెడు చోటు వదిలి, మిగతా అంతా నాలుగు వేళ్ల మందాన ఆకు పరిచింది. ఆరు గంపలు పట్టింది. తోటంతా తిరిగి మళ్లు లెక్కపెట్టింది.

"మళ్లన్నీ ఒక్క కొలత ప్రభూ, మూడువందల నలభై ఉన్నాయి. ఒక్కోదానికి ఆరు గంపలు. బండికి నలభై గంపలు పడతాయి. కాలవ గట్టు మీది కానుగాకు యాభై ఒక్క బండ్లు తోలించండి."

ఆచార్యులు వేళ్ల మీద మూడుసార్లు లెక్క కట్టుకుని, "సరిపోయింది ప్రభూ" అని గొణిగాడు.

సరిపోయిందన్న మాట రాజు చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఆచార్యులను పక్కకు పిలిచి, "నా వేట అడవిలో రాలిన ఆకు ఉంటుంది. గుట్టుగా మూడు బండ్లు నింపించి రేపొచ్చే బండ్లలో కలిపెయ్" అన్నాడు.

మర్నాడు బండ్లు బారులు తీరాయి. తిప్పమ్మ రాజుగారి తోట గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్క బండినీ చూస్తూ వచ్చింది. చివరి మూడింటి దగ్గర ఆమె చూపు ఆగింది. ఆకు ఒకటి తీసి చూసి, మళ్లీ బండిలోనే పడేసింది. "వీటిని ఆఖర్న దింపండి నాయనా" అని మాత్రం అంది.

సాయంత్రానికి మళ్లన్నీ నిండాయి. మూడు బండ్ల ఆకు మిగిలిపోయింది. రాజు రాణితో, సభతో సహా తోటకు వచ్చి ఆ కుప్ప చూశాడు. ఆయన ముఖంలో వెలుగు అంతా ఇంతా కాదు.

"నూట ఇరవై గంపలు మిగిలాయి! ఏమంటావు తిప్పమ్మా?"

తిప్పమ్మ కుప్పలోంచి చేటంత ఆకు ఒకటి తీసింది. "నేనడిగింది కానుగాకు. ఇది టేకాకు ప్రభూ. మన రాజ్యంలో టేకు చెట్లున్నది తమరి వేట అడవిలోనే కదా?"

"అవును."

"తమరి ఆజ్ఞ లేకుండా అందులోంచి ఆకు తెస్తే శిక్షేమిటి?"

"చేతులు నరికిస్తాను!" అన్నాడు రాజు అలవాటు కొద్దీ.

వామనాచార్యులు చటుక్కున రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "ప్రభూ! తమరు చెప్పబట్టే కదా నేను..." అని నాలుక కరుచుకున్నాడు.

రాణి రాజు వంక చూసింది. రాజు నేల వంక చూశాడు.

"ఆచార్యులవారూ, భయపడకండి" అంది తిప్పమ్మ. "లెక్క సరిపోతుందని ప్రభువులకు ముందే తెలుసు. అందుకే నాకివ్వాల్సిన బహుమానం ముందుగానే తెప్పించారు. మా తోటకు సరిగ్గా మూడు బండ్ల ఆకే పడుతుంది. ఇంతకీ మా తోట లెక్క తమరెప్పుడు కట్టారు ప్రభూ?"

రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు గొంతు తగ్గించి, "నా మనసులో ఉన్నది నీకెలా తెలిసింది తిప్పమ్మా?" అని అడిగాడు.

"కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ గోడ సందులోంచి నేనూ రోజూ తమరి తోట చూసేదాన్ని. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పక్కవాళ్ల తోట చూసినప్పుడు మనిషి ముఖం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు."

రాజుగారి ముఖంలో బిగువు సడలింది. "అయితే ఒక పని చెయ్. ఇవాళ్టి నుంచి నా తోట కూడా నువ్వే చూసుకో. అడిగినంత జీతం ఇస్తాను."

తిప్పమ్మ రెండు చేతులూ జోడించింది. "వద్దు ప్రభూ. రెండు తోటలూ నేనే చూసుకుంటే, ఇక తమరు ఎవరిని చూసి కుళ్లుకుంటారు?"

ప్రతాపకేతుడు ఒక్క క్షణం కళ్లు పెద్దవి చేశాడు. ఆ వెంటనే పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ మల్లెమడి గట్టు మీద కూలబడ్డాడు. తిప్పమ్మ తోట పక్కనున్న బీడు భూమిని పన్ను లేకుండా ఆమెకు రాసిచ్చాడు. జోడెద్దులతో కొత్త బండి కూడా ఇప్పించి, ఆ టేకాకును అందులోనే ఆమె తోటకు తోలించాడు.