వేలు పట్టేంత అక్షరం

సలోమికి రెండేళ్ళుగా ఒకటే దిగులు. జెకర్యా తాత తన చేత ఒక్క పేరు కూడా చెక్కించలేదు.

భీమిలి సముద్రం పక్కన సమాధి రాళ్ళు చెక్కే పాక అది. బండ కడగడం, ఎర్రటి జాజుతో గీతలు కొట్టడం, అంచుకి పూలతీగ చెక్కడం, అన్నీ సలోమివే. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఉలి తాత చేతిలోకి వెళ్ళిపోయేది. ఆయన అక్షరాలేమో వెడల్పుగా, నున్నగా, వానకి అరిగినట్టు మొద్దుగా ఉండేవి. అవి తమ పాకలోవే అని చెప్పుకోవడానికి సలోమికి సిగ్గేసేది.

విశాఖపట్నంలో మిషను మీద పేర్లు చెక్కే షాపువాళ్ళు ఆమెని పనిలోకి రమ్మన్నారు. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. అప్పట్నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. వచ్చే కెరటం రమ్మన్నట్టే ఉండేది, వెళ్ళే కెరటమూ రమ్మన్నట్టే ఉండేది.

గురువారం పొద్దున ఇక ఆగలేక అనేసింది.

"తాతా, టెన్తులో మా ఇంగ్లీషు మేడమ్ నన్నేమనేదో తెలుసా? గుడ్ స్పెల్లర్."

"అంటే?"

"అంటే ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా మాట కూర్చేవాళ్ళు. నువ్వు ఇంగ్లీషు పేరొస్తే కాగితం చూసి ముగ్గేసినట్టు వేస్తావు. నాకు కాగితమే అక్కర్లేదు."

"ఆ మాట ఎలా వాడతారు?"

"సలోమి గుడ్ స్పెల్లర్, అనాలి. జెకర్యా తాత బేడ్ స్పెల్లర్, అనాలి."

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "రెండోది బాగా కుదిరింది."

అంతలో మత్తయి వచ్చాడు. వలలు లాగే మనిషి. భార్య లూదియ పోయి రెండు నెలలైంది.

"ఎల్లుండి సమాధుల పండక్కి రాయుండాల, తాతా. కొవ్వొత్తి ఎలిగించే ముందు అందరూ పేరు మీద ఏలెట్టి దిద్దుతారు గదా, నానూ దిద్దాల. ఇంగిలీసులోనే చెక్కు. ఓడల మీద రాతలంటే దానికి పిచ్చి. ఒడ్డున కూకుని సూసేది." చెక్కిన రాళ్ళ వంక చూస్తూ, "నాకైతే ఏ రాతా రాదనుకో" అన్నాడు.

తాత ఉలి తీసి సలోమి చేతిలో పెట్టాడు.

ఆ రోజంతా ఆమె తిండి మాట మర్చిపోయింది. లూదియ అన్న పేరుకి ఇంగ్లీషులో ఐదే అక్షరాలు. దారప్పోగంత సన్నంగా, నిటారుగా, కడప బండ మీద మెరుపు తీగల్లా దిగాయి. సాయంత్రం తాత వంగి చూశాడు.

"నీ మేడమ్ చెప్పింది నిజమే. ఒక్క తప్పు లేదు" అన్నాడు.

సలోమికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విశాఖపట్నం షాపుకి ఈ రాయి ఫొటో పంపించాలనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మత్తయి వచ్చి రాయి ముందు కూర్చున్నాడు.

"ఇందులో మా లూది ఏదమ్మా?"

సలోమి ఒక్కో అక్షరం చదివి వినిపించింది. వేరెవరి గురించో చెప్తున్నట్టు తల ఊపుతూ విన్నాడు. తర్వాత చూపుడువేలు మొదటి అక్షరం మీద పెట్టాడు.

తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన వేలు. చెక్కిన గాడిలో పట్టలేదు. పైపైనే జారిపోయింది. గట్టిగా నొక్కాడు. అంచు గీరుకుని చిన్న నెత్తుటి చుక్క వచ్చింది.

"బానే ఉందమ్మా. బానే ఉంది" అంటూ చెయ్యి లుంగీకి తుడుచుకుని, తప్పు చేసినవాడిలా వెనక్కి జరిగాడు.

సలోమి తాత వంక చూసింది. ఆయన జాజు డబ్బా తెచ్చి, మత్తయి వేలు అందులో ముంచి, మొదటి అక్షరం కింద బండ మీద అద్దించాడు. ఎర్రటి ముద్ర పడింది. దాని పక్కన ఉలి పెట్టి, మత్తయి భుజమ్మీద చెయ్యేసి టీ తాగడానికి తీసుకుపోయాడు.

సలోమి ఆ ముద్రనే చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఉలి అందుకుని మొదటి అక్షరం అంచు మీద పెట్టింది.

శనివారం సమాధుల తోటంతా కొవ్వొత్తులు. మత్తయి మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అతని వేలు గాడిలో దిగి మెల్లగా కదిలింది. "లూదీ" అన్నాడు, ఇంట్లోంచి బయటికి పిలిచినట్టు. చివరి అక్షరం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"అయిపోయిందేటమ్మా?"

అడిగి, జవాబు కోసం చూడకుండా మళ్ళీ మొదటి అక్షరం దగ్గరికి పోయాడు.

జెకర్యా తాత సలోమి వైపు వంగాడు. "మొన్న ఏదో మాట చెప్పావే, దాని అర్థం మళ్ళీ ఓసారి చెప్పు."

సలోమి, కరిగిన మైనం గాడిలో పడకుండా కొవ్వొత్తిని కాస్త పక్కకి జరిపింది.