ఉలికిపడే మేకకు నక్క చెప్పిన చదువు

కొండవాలున మేసే మేకల మందలో బొల్లి అనే పడుచు మేక ఉండేది. నిరుడు వానాకాలంలో తోడేలు దాని కుడి చెవి సగం కొరికేసింది. ప్రాణం దక్కింది గానీ, ఆనాటి నుంచి ఎండుటాకు రాలినా నాలుగు బారలు ఎగిరి పారిపోయేది. తోటి మేకలు నవ్వేవి. ఆ నవ్వు పడలేక బొల్లి రాళ్ళ మాటున దాక్కుని, మేత సరిగ్గా తినక, ఎముకలు తేలి చిక్కిపోయింది. ఏటి అవతలి మందలో ఉన్న తల్లి, కడుపునిండా తింటున్నావా అని గోరింకతో రోజూ కబురంపేది. బ్రహ్మాండంగా ఉన్నానని బొల్లి కూడా రోజూ జవాబంపేది.

ఒకనాడు దూరంగా నిలబడి ఓ నక్క పలకరించింది. మాంసం మానేశానని, పిరికివాళ్ళకు ధైర్యం నేర్పడమే ఇప్పుడు తన పని అని చెప్పుకుంది. కళ్ళు మూసుకుని నిలబడాలి, వెనక ఏ చప్పుడైనా కదలకూడదు, పది రోజుల్లో భయం మాయం అంది. నవ్వులపాలైనవాళ్ళకు మందు ఎవరిచ్చినా తియ్యగానే ఉంటుంది. బొల్లి వెళ్ళింది. నక్క వెనక చేరి ఎండుటాకుల్లో తోక ఆడించేది. బొల్లి ఎగిరి గంతేసేది. నక్క ఓపిగ్గా, మళ్ళీ నిలబడమనేది.

ఐదో రోజు బొల్లి, మడుగులో పడుకున్న కాటుక అనే ముసలి గేదె దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది.

"పెద్దమ్మా, గుండె దడ ఆగడం లేదు. నాలోనే ఏదో లోపముంది."

గేదె నెమరు ఆపలేదు. "పాము కరిచినవాడు తాడు చూసి జడుసుకుంటాడు. తోడేలు కరిచినదానివి, ఉలికిపడక పాటలు పాడతావా? నీకు జరిగింది నాకు జరిగుంటే ఈ మడుగులోంచి బయటికే రాను. ఇప్పుడు మాత్రం వస్తున్నానా ఏమిటి?"

బొల్లికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ఉలికిపడితే తప్పులేదమ్మా. పరిగెత్తే ముందు ఒక్కసారి తిరిగి చూడు. ఏమీ లేకపోతే మేత మేయి, ఉంటే పరిగెత్తు. అయినా ధైర్యం నేర్చుకోవడానికి నీకు నక్కే దొరికిందా? వెళ్ళడం మానెయ్యమన్నా నువ్వు మానవు లే, వయసు అలాంటిది."

నిజంగానే మానలేదు. చదువు సగంలో ఆపితే అందరూ మరింత నవ్వుతారని బొల్లి భయం. కాకపోతే ఇప్పుడు చప్పుడైనప్పుడల్లా ఓరగా కన్ను తెరిచి వెనక్కి చూసేది. ప్రతిసారీ ఆకులు, తోక, అంతే. మందలోనూ అలాగే చూసి, మళ్ళీ మేతలో పడేది. నాలుగు రోజుల్లో డొక్కలు నిండాయి. ఆ డొక్కలు చూసి అందరికంటే ఎక్కువ సంతోషించింది నక్కే.

పదో రోజు నక్క గొంతు సవరించుకుంది. "ఇది ఆఖరి పరీక్ష, అమ్మాయ్. ఏం జరిగినా కళ్ళు తెరవకు."

బొల్లి కళ్ళు మూసుకుని ఆకుల చప్పుడు కోసం ఎదురుచూసింది. చప్పుడు లేదు. రోజూ ఆడే తోక ఇవాళ ఆడలేదు. గుండె దడదడలాడింది. ఈసారి దాన్ని ఆపాలని చూడకుండా, కళ్ళు తెరిచి వెనక్కి తిరిగింది.

నక్క నోరు తెరుచుకుని గాలిలో ఉంది.

బొల్లి పక్కనున్న బండ మీదికి గెంతింది. నక్క మూతి బండకు తగిలి రెండు పళ్ళు రాలాయి.

"కళ్ళెందుకు తెరిచావు? పది రోజుల చదువు మట్టిపాలు చేశావే," అని మూలిగింది నక్క.

"భయమేసింది గురువుగారూ," అంది బొల్లి పైనుంచి వినయంగా. "ఇంకా వేస్తూనే ఉంది. అందుకే దిగడం లేదు."

భయాన్ని తరిమేయక్కర్లేదు, తిరిగి చూస్తే చాలు. తిరిగి చూడొద్దనే గురువునే తరిమేయాలి.