గెడ్డ దాకా వెళ్ళిన చక్రాలు

"సోమెలీ! ఒసే సోమెలీ! మళ్ళీ ఇప్పేస్తన్నావేటే ఆ చక్రం?"

షెడ్డులోంచి జగ్గారావు మాష్టారి కేక వినబడగానే సోమెలి చేతిలో పానా ఆగిపోయింది. బయట ఎండ లేదు, గాలి లేదు. వాన రాబోయే ముందు కొండ ఊపిరి బిగబట్టినట్టుంది. నుదుటి చెమట కంట్లోకి దిగుతున్నా తుడుచుకునే ఓపిక లేక అలాగే కూర్చుంది.

"ఇదీ కుదర్లేదండి," అంది తలెత్తకుండా. "రాళ్ళైతే ఎక్కుతోంది గాని, మలుపులో మాట వినడం లేదు. గెడ్డ దాకా ఎళ్ళొచ్చాను. చిన్నదే నయమేమో."

"నిన్న చిన్నది పెడితే రాళ్ళ మధ్య ఇరుక్కుంటోందన్నావు."

"అదీ నిజమేనండి."

మాష్టారు గుమ్మంలోకి వచ్చి నడుము మీద చేతులేసుకుని నిలబడ్డారు. ఐటీఐలో పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు ఆయనది. ఉద్యోగం అయిపోయాక ఈ కొండ కొమ్మున రేకుల షెడ్డు వేసుకుని, దారిలేని చోట్ల తిరిగే కరెంటు మోటారు సైకిలు ఒకటి తయారు చేస్తున్నారు. కింద లోయలో పారే గెడ్డకి అవతల, కొండ మీద ఉన్న ఊరికి ఐసు పెట్టెలో మందులు మోయాలి ఆ బండి. నడిపేది సోమెలి. ఆ ఊరు ఆమెదే. సుగరుతో మంచం పట్టిన ఆమె పెదమ్మకి ఇప్పుడు ఇంజెక్షన్లు కాలినడకన వెళుతున్నాయి. అవి చేరేసరికి ఐసంతా నీళ్ళే, మందు పాడే. పెదమ్మ కాలి పుండు మానడం లేదు.

వానలు దిగాయంటే ఈ దారి అడుసైపోతుంది. ఈలోగా బండి గెడ్డ దాకా దిగి, ఎక్కి, సరే అనిపించుకోవాలి. లేదంటే దసరా దాకా షెడ్డులోనే. అప్పటికి పెదమ్మ కాలు ఉంటుందో లేదో.

ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా సోమెలి మనసులో ఇంకో బొమ్మ కూడా చూసేది. ఎర్ర తువ్వాలు మెడకి చుట్టుకుని, చప్పుడు లేని ఆ బండి మీద, రెక్క ఆడించని గద్దలా తను కొండ దిగుతుంటుంది. అవతలి కొండ అంచున ఊరంతా నిలబడి చూస్తుంటుంది. ఎంత అందమైన బొమ్మ! ఊళ్ళో అందరికీ చెప్పేసింది కూడా. ఇప్పుడు ఆ బొమ్మే ఆమె వీపు మీద మూటలా బరువెక్కింది.

ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలది పెట్టాలా, పందొమ్మిదిదా? అదీ తగువు. పెద్దదైతే రాళ్ళ మీంచి దొర్లిపోతుంది, కాని బండి ఎత్తవుతుంది, తిరగడానికి మొరాయిస్తుంది. చిన్నదైతే చెప్పినట్టు తిరుగుతుంది, కాని ప్రతి గోతికీ దణ్ణం పెడుతుంది. పెట్టడం, తియ్యడం, టైరు విప్పడం, గాలి కొట్టడం. గురువుకీ శిష్యురాలికీ గోళ్ళ నిండా నలుపే మిగిలింది.

"మీరే చెప్పండి మాష్టారూ," అంది సోమెలి విసిగిపోయి. "ఈ కొండకి ఏ చక్రం సరైందో మీకు తెలుసు. చెప్పరేంటండీ?"

అడిగినదానికి జవాబు చెప్పడం ఆయన అలవాటు కాదు. ఏదో పని చెబుతారు. ఇప్పుడూ అంతే.

"రెండు చక్రాలూ పట్రా," అన్నారు.

ముందు ఆయన, వెనక భుజానికొక చక్రంతో ఆమె, దారి కిందకి తిరిగే అంచు దాకా నడిచారు. ఆయన మోకాళ్ళు నడకకి మొత్తుకుంటున్నాయి. అక్కణ్ణుంచి దారి నిలువునా రాళ్ళలోకి దూకి, ఒక మలుపు తిరిగి, గెడ్డలోకి పోతుంది. అడుగున మేకలు కాసే సన్యాసి వాటిని నీళ్ళకి వదిలి కూర్చున్నాడు.

"ఒరే సన్యాసీ! మేకల్ని పక్కకి తోలరా! చక్రాలొస్తన్నాయి!"

"ఏటొస్తన్నాయి బాబూ?"

మాష్టారు పెద్ద చక్రాన్ని దారిలో నిలబెట్టి వదిలేశారు. అది రాళ్ళ మీంచి లేడిలా గెంతుకుంటూ, మలుపు దగ్గర గట్టెక్కి, పొదల్ని దున్నుకుంటూ గెడ్డలో పడింది. తరవాత చిన్నదాన్ని వదిలారు. అది రెండుచోట్ల కూలబడింది, ఒకచోట పక్కకి దొర్లింది, మళ్ళీ లేచింది. ఆఖరికి అదీ గెడ్డలోకే చేరింది.

కింద మేకలు అరిచాయి. వాటి అరుపుల పైనుంచి సన్యాసి గొంతు లేచింది.

"మాష్టారండీ! చక్రాలొచ్చాయి గాని బండేదండీ? రోజూ సూస్తన్నాను, ఆ మలుపు కాడ ఆగిపోయి ఎనక్కెల్లిపోతాది! దానికన్నా మా మేకపిల్లలు నయమండీ!"

వాడి నవ్వు కొండకి తగిలి రెండుసార్లు వినబడింది.

సోమెలి కదల్లేదు. మాష్టారు ఆమె వైపు చూడలేదు. పక్కనున్న బండ మీద మెల్లగా కూలబడి, మోకాలు రాసుకుంటూ, అవతలి కొండ మీద కమ్ముతున్న మబ్బుకేసి చూశారు.

"రెండూ దిగాయి," అన్నారు, మబ్బుతో చెబుతున్నట్టు.

చెప్పడానికి ఆమె దగ్గర ఇంకా మాటలున్నాయి. బ్రేకు పట్టడం లేదనొచ్చు. టైర్లో గాలి ఎక్కువైందనొచ్చు. సన్యాసికి దూరపు చూపు లేదనొచ్చు. కాని అబద్ధానికి కూడా ఓపిక కావాలి. ఆమెకి ఆ ఓపిక అయిపోయింది.

"భయమండీ," అంది.

మాష్టారు ఇప్పుడు ఆమె వైపు తిరిగారు.

"పెట్రోలు బండైతే మోత పెడుతుంటుంది. ఆ మోతలో ఇంకేదీ వినబడదు. దీనికి మోత లేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి కింద గెడ్డ హోరూ, నా గుండే వినబడతాయి. కాళ్ళు నేల కోసం వెతుక్కుంటాయి. అందదు." చక్రాలు పడ్డ గెడ్డ వైపు చూసింది. "గెడ్డ దాకా ఎళ్ళానని చెప్పినవన్నీ అబద్ధాలే. నేనెప్పుడూ దిగలేదు మాష్టారూ. ఒక్కసారి కూడా దిగలేదు."

ఆయన ఆమె భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు. మోకాళ్ళు చిటుక్కుమన్నాయి.

"గెడ్డలోకెళ్ళి ఆ చక్రాలు రెండూ పట్టుకురా," అన్నారు. "ఇప్పుడు చక్రం సంగతి మాట్లాడుకుందాం."