ఓడినవాడి సగం చిప్ప

బస్వంత్‌కు ఒకటే బాధ. మంజీర ఒడ్డు ఊళ్లలో ఎక్కడ కుస్తీలు జరిగినా మైకు పట్టుకునేది అతనే. కానీ ఆఖరి కుస్తీ దగ్గరికి వచ్చేసరికి ఆ మైకు చేతిలోంచి పోయేది.

అక్కడి కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడియంతో ముగుస్తాయి. మొదటి జోడీల్లో గెలిచినవాడికి కొబ్బరికాయ ఇస్తారు. పోనుపోను బహుమతి పెరుగుతుంది. చివరి జోడీలో గెలిచినవాడి చేతికి కడియం తొడుగుతారు. కొబ్బరికాయ కుస్తీలన్నీ బస్వంత్ చెప్పేవాడు. కడియం కుస్తీ మాత్రం అతని గురువు లతీఫ్ ఉస్తాద్ చెప్పేవాడు. ఐదేళ్లుగా ఇదే వరస.

ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. గొంతు బొంగురుపోయింది. కామెంట్రీ అంటే ఆయనదే అని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. ఆయన చెప్పినవాటిలో ఏది గొప్పదో మాత్రం వాళ్లలో వాళ్లకే పడదు. గంటన్నర నడిచిన కుస్తీ అని ఒకరు, వానలో తడుస్తూ చెప్పినదని ఇంకొకరు. బస్వంత్ దగ్గర ఆయన పాత క్యాసెట్లు పదమూడు ఉన్నాయి. అన్నీ కంఠతా వచ్చు. ఆయన దగ్గిన చోట తనూ దగ్గగలడు.

ఆ యేడు బండాపూర్ జాతర మొదటి రోజు పొద్దున, చాయ తాగుతూ అడిగేశాడు.

"ఉస్తాద్, ఇన్నేండ్ల సంది చెప్తున్నరు గదా. అన్నిట్ల గొప్ప కామెంట్రీ ఏది?"

ఉస్తాద్ సాసర్‌లో చాయ ఊదుకున్నాడు.

"చెప్త తియ్. ముందుగాల ఆ వైరు సూడు, లూజున్నది."

ఆ మధ్యాహ్నం బస్వంత్ మంచి ఊపు మీద ఉన్నాడు. నాలుగో జోడీలో లస్మయ్య అనే పంతొమ్మిదేళ్లవాడు దిగాడు. ఊరు సిరిపల్లి, ఇటుక బట్టీలో పని. నలుగురిలో కుస్తీ పట్టడం అదే మొదలు. చేతులు కలిపిన కాసేపటికే వెల్లకిలా పడ్డాడు.

"అరెరే! బీడీ అంటిచ్చే లోపల పండవెట్టిండు! సిరిపల్లి తమ్మీ, నిద్రొస్తే ఇంట్ల పండాలె గాని ఇంత దూరం ఎందుకొచ్చినవ్? డ్రైవరన్నా, బస్సుల ఒక సీటు ఖాళీ ఉంచు!"

జనం పడీపడీ నవ్వారు. ఈలలు మోగాయి.

ఆ ఊళ్లలో గెలిచినవాడు కొబ్బరికాయ అక్కడే కొట్టి, సగం చిప్ప ఓడినవాడి చేతిలో పెట్టాలి. ఇద్దరూ తిన్నాకే బరి దాటాలి. గెలిచినవాడు కాయ కొట్టి చూసేసరికి లస్మయ్య లేడు. అంగీ చంకలో పెట్టుకుని జనంలోంచి పోతున్నాడు. వీపు నిండా ఎర్రమట్టి. దులుపుకోలేదు కూడా.

సగం చిప్ప పట్టుకుని ఆ గెలిచినవాడు దిక్కులు చూస్తుంటే ఉస్తాద్ వెళ్లి తీసుకున్నాడు. తువ్వాలలో మూట కట్టుకున్నాడు. బస్వంత్ అప్పటికే ఐదో జోడీ పేర్లు పిలుస్తున్నాడు.

రెండో రోజు బస్వంత్ కొత్త తెల్ల లాల్చీ వేసుకుని వచ్చాడు. ఉస్తాద్ బరి పక్కన గొంతుక్కూర్చుని, మట్టి తగినంత తడిగా ఉందో లేదో చేత్తో పిసికి చూస్తున్నాడు.

"ఇయ్యాల కడియం కుస్తీ నువ్వే చెప్పు."

బస్వంత్ గబుక్కున వంగి కాళ్లు మొక్కాడు. ఉస్తాద్ అతని వీపు తట్టాడు.

బస్వంత్ మైకు అందుకుని నాలుగు మాటలు అన్నాడో లేదో, నవ్వులు మొదలయ్యాయి. ఇవాళ నాలుక మీద తేనె ఉందనుకున్నాడు. అటు తిరిగితే ఇటువాళ్లు నవ్వుతున్నారు, ఇటు తిరిగితే అటువాళ్లు. ఆ యేడు పోయిన ఒక పాత పహిల్వాన్ పేరు చెప్పి, జనాన్ని ఒక్క నిమిషం లేచి నిలబడమన్నాడు. నిలబడి మరీ నవ్వారు. అప్పుడు అతనికి అనుమానం వచ్చింది.

"ఓ బస్వంతన్నా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "నిన్నెవడు పండవెట్టిండే? బస్సుల సీటు ఉంచమంటవా?"

వీపు మీద చెయ్యి వేసుకుంటే మట్టి తగిలింది. తెల్ల లాల్చీ మీద ఐదు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

బస్వంత్ చెవులు కాలిపోయాయి. అంత జనంలో మైకు ఉన్నది అతనొక్కడికే. అయినా దాన్ని ఆపేశాడు. వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఉస్తాద్ తువ్వాల విప్పి, నిన్నటి చిప్ప బల్ల మీద పెట్టాడు.

"ఎవరిదో ఎరుకే గదా."

"ఇప్పుడా? కడియం కుస్తీకి గంట గూడ లేదు ఉస్తాద్."

"లేదు."

"నేనొచ్చే వరకు అయిపోతది."

"అయిపోతది" అన్నాడు ఉస్తాద్.

బస్వంత్ చిప్ప తీసుకుని లేచాడు. పశ్చాత్తాపం లాంటిదేమీ లేదు. ఉస్తాద్ మీద పీకల దాకా కోపం ఉంది. ఆ నవ్వుల మధ్య ఇంకొక్క క్షణం ఉండలేక కదిలాడు, అంతే.

సిరిపల్లి బట్టీ దగ్గర లస్మయ్య ఇటుకలు పేరుస్తున్నాడు. బస్వంత్‌ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఏందన్నా, ఊరి దాక వచ్చి గూడ కామెంట్రీ చెప్తవా?"

బస్వంత్ చిప్పను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నిన్న నిజంగనే బస్సుల డ్రైవర్ నాకు సీటు సూపెట్టిండు. బస్సంత నవ్విన్రు. మా అవ్వ గూడ ఉండె బస్సుల." లస్మయ్య ఇంకో ఇటుక పేర్చాడు. "కుస్తీ ఇడిసిపెట్టిన."

బస్వంత్‌కు సిగ్గేసింది. చిప్పను ఇటుకల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"వీపుకు ఆ మట్టేంది?" అని వెనక నుంచి లస్మయ్య అడిగాడు.

"పడ్డ."

"ఎవరి చేతుల?"

"ఉస్తాద్ చేతుల."

లస్మయ్య ఆ మట్టి వైపు కాసేపు చూశాడు. చిప్పను ఇటుకకేసి కొట్టి, ఒక ముక్క బస్వంత్‌కు ఇచ్చాడు. కొబ్బరి ఒక రాత్రికే గట్టిపడింది. ఇద్దరూ నిలబడే నమిలారు.

"శుక్రారం హసన్‌వాడల కుస్తీలున్నయ్" అన్నాడు బస్వంత్.

లస్మయ్య వస్తాననలేదు, రాననలేదు.

బస్వంత్ తిరిగి వచ్చేసరికి కడియం ఎవరికో దక్కింది. జనం ఇళ్లకు పోతున్నారు. ఉస్తాద్ మైకు వైరు చుట్టుకుంటున్నాడు. బస్వంత్ వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు.

హసన్‌వాడ చిన్న ఊరు. అక్కడ కడియం లేదు, అన్నీ కొబ్బరికాయ కుస్తీలే. లస్మయ్య వచ్చాడు. దిగాడు. మళ్లీ ఓడాడు.

వాడి వీపు మట్టికి ఆనగానే జనం బస్వంత్ వైపు తిరిగారు. జోకు ఎలాగూ వస్తుందని కొందరు ముందే పళ్లు ఇకిలించారు.

"సిరిపల్లి లస్మయ్య" అన్నాడు బస్వంత్. అరవలేదు. "దినమంత ఇటుకలు మోసి, పొద్దుగూకినంక కసరత్తుకు దండీలు తీసేటోడు. పోయిన జాతరల బీడీ అంటిచ్చే వరకు గూడ నిలవడలే. ఇయ్యాల నాలుగు నిమిషాలు నిలవడ్డడు. రెండుసార్లు పట్టు ఇడిపిచ్చుకున్నడు. రెండోసారి ఎట్ల ఇడిపిచ్చుకున్నడో నాకు సమజ్ గాలే. ఎవరికన్న అయితే చెప్పుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలి పహిల్వాన్ చేతులు గాల్లో తిప్పి, ఆ పట్టు ఎలా విడిపించుకున్నాడో పక్కవాడికి చూపించడం మొదలుపెట్టాడు.

లస్మయ్య లేచాడు. భుజాల మీది మట్టి దులుపుకున్నాడు. అంగీ కోసం చూడలేదు. గెలిచినవాడు కాయ కొట్టే దాకా అక్కడే నిలబడి, చెయ్యి చాపాడు.

ఉస్తాద్ యాంప్లిఫయర్ పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఆ దినం అన్నిట్ల గొప్పది ఏదని అడిగినవ్ గదా" అన్నాడు.

"అవును ఉస్తాద్."

"ఇప్పుడే విన్న" అన్నాడు ఉస్తాద్. "వైరు సూడు, మల్ల లూజైంది."