తోకతో కొలిచిన ఇల్లు

అనగనగా ఒక అడవిలో, చెట్టు తొర్రలకు కూడా అద్దెలుండే కాలంలో, ముత్యాలు అనే ఒక ఉడుత ఉండేది. నవ్వకండి పిల్లలూ, ఉన్న మాటే చెబుతున్నాను. ఆ అడవిలో సారపప్పు పలుకే రూపాయి. పలుకులుంటే తొర్ర, లేకపోతే వానలో కొమ్మ.

ముత్యాలు ఒక ముసలి చింత చెట్టు తొర్రలో అద్దెకుండేది. ఆ చెట్టు గంభీరయ్య అనే ఉడుముది. గంభీరయ్య చెడ్డవాడేం కాదు. కాకపోతే ముత్యాలు తోక కాస్త బయటికి వస్తే చాలు, "అమ్మాయ్, తోక లోపల పెట్టుకో! బెరడు గీసుకుపోతోంది" అనేవాడు. గోడకు మేకు కొట్టనివ్వని ఇంటివాళ్లుంటారే, ఆ బాపతు.

అలా అన్న ప్రతిసారీ ముత్యాలుకు తను పుట్టిన ఇల్లు గుర్తొచ్చేది. వాగు అవతల కానుగ చెట్టులో ఉండేది ఆ తొర్ర. కానుగ పువ్వు రాలితే లోపలంతా వాసన. కింద మెత్తగా బూరుగు దూది. ముత్యాలు, ముగ్గురు అన్నలు, ఒక చెల్లి అందులో దాగుడుమూతలు ఆడేవాళ్లు. అబ్బో, ఎంత పెద్ద ఇల్లది! వాన పడితే అమ్మ గుమ్మంలో కూర్చునేది, తోక బయటికి వేలాడేసుకుని. "లోపలికి రా అమ్మా" అని పిల్లలు పిలిస్తే, "నాకు వాన చూడ్డం ఇష్టం. మీరు పడుకోండి" అనేది. అమ్మ పోయి చాలా కాలమైంది. అన్నలు, చెల్లి తలో దిక్కుకు వెళ్లిపోయారు. ఆ ఇల్లు మాత్రం ముత్యాలు మనసులో అలాగే ఉంది.

"కొంటే అలాంటి ఇల్లే కొనాలి" అనుకుంది ముత్యాలు. వారానికొకటో రెండో పలుకులు నోటికి పెట్టుకోకుండా, ఎండిన బూరుగు కాయ డొప్పలో దాచడం మొదలుపెట్టింది.

పక్కనే ఉన్న రావి చెట్టు మీద కీరవాణి అనే చిలుక ఉండేది. ముత్యాలుకు ప్రాణ స్నేహితురాలు. దాని చేతిలో పలుకు నిలిచేది కాదు. "ఒక్క జామపండు కొనుక్కుంటే కొంపలేం మునగవే!" అని ఆటపట్టించేది. ముత్యాలు నవ్వి ఊరుకునేది. ఆ డొప్పను మాత్రం ముట్టేది కాదు.

ఆ అడవిలో తొర్రలు చెక్కేది వీరాచారి అనే వడ్రంగిపిట్ట. ఏటా మోదుగ పూసే రోజుల్లో వీరాచారి తొర్రల కొత్త ధర చెప్పేవాడు. నోటితో కాదు, ముక్కుతో. తొర్ర పక్కన టకటకా కొట్టేవాడు. ఒక్కో దెబ్బకు పది పలుకులు. కింద అందరూ ఊపిరి బిగబట్టి దెబ్బలు లెక్కపెట్టుకునేవాళ్లు.

మొదటి ఏడు ముత్యాలు దగ్గర అరవై పలుకులు పోగయ్యాయి. వాగు ఒడ్డున మద్ది చెట్టులో పెద్ద తొర్ర ఒకటి ఉంది. అచ్చం కానుగ చెట్టు ఇంటిలాగే అనిపించింది. వీరాచారి పది దెబ్బలు కొట్టాడు. అంటే వంద. ముత్యాలు ముఖం వాడిపోయింది.

వీరాచారి చూసి జాలిపడ్డాడు. "ఆ తునికి చెట్టు తొర్ర చూడమ్మా. ఐదు దెబ్బలే."

ముత్యాలు వెళ్లి తొంగిచూసింది. "ఈ బొక్కా? వద్దు తాతా. మా అమ్మ ఇల్లంత ఇల్లు కావాలి నాకు."

రెండో ఏడు డొప్పలో నూట పది పలుకులయ్యాయి. ముత్యాలు గెంతుకుంటూ మద్ది చెట్టు దగ్గరికి వెళ్లింది. టకటకా, టకటకా. పదిహేను దెబ్బలు!

"అదేంటి తాతా? అదే చెట్టు, అదే తొర్ర కదా!"

"నా ముక్కూ అదేనమ్మా. అడిగేవాళ్లు పెరిగారు. పక్క అడవి ఎండిపోయి అందరూ ఇటే వస్తున్నారు. తునికి తొర్ర తీసుకో. అది తొమ్మిది దెబ్బలే."

"వద్దు తాతా" అంది ముత్యాలు మళ్లీ. ఆ ఏడు పండగలకు కూడా ఒక్క జామపండు కొనలేదు.

మూడో ఏడు నూట డెబ్బై పలుకులయ్యాయి. మద్ది తొర్రకు ఇరవై రెండు దెబ్బలు పడ్డాయి. ముత్యాలు లెక్క మధ్యలోనే చెవులు మూసుకుంది.

అదే వారం గంభీరయ్య మెల్లగా పాక్కుంటూ వచ్చాడు. "మా అబ్బాయికి పెళ్లి కుదిరింది అమ్మాయ్. తొలి వాన పడేలోపు తొర్ర ఖాళీ చెయ్యాలి. ఏమీ అనుకోకు" అన్నాడు.

కీరవాణి చల్లగా సలహా ఇచ్చింది. "మా రావి చెట్టు పైకొమ్మలో ఒక తొర్ర అద్దెకుందే. గాలి ఎంత బాగుంటుందో! అడ్వాన్సు నూట యాభై పలుకులు అడుగుతున్నారు, అంతే. ఇల్లు కొనడం మన వల్ల అయ్యే పని కాదులే."

అడ్వాన్సు కడితే డొప్పలో మిగిలేది ఇరవై. మూడేళ్లు కడుపు మాడ్చుకున్న పలుకులు! ముత్యాలు ఏడుస్తూ వీరాచారి దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, ఎలాగైనా మా అమ్మ ఇల్లంత ఇల్లు చూపించు."

"చూపిస్తాను. ఎంత ఇల్లో చెప్పు మరి" అన్నాడు వీరాచారి.

"పెద్దది! ఐదుగురం పరిగెత్తేవాళ్లం."

"పెద్దదంటే నా ముక్కుకు తెలీదమ్మా. కొలత కావాలి. ముందు ఈ తునికి తొర్ర ఒకసారి కొలువు. తర్వాత మీ అమ్మ ఇల్లు కొలుచుకురా."

ముత్యాలు విసుక్కుంటూనే తునికి తొర్రలో దూరి తన తోకతో కొలిచింది. తోకన్నర వచ్చింది. "చూశావా, తోకన్నరే!" అని అక్కడినుంచి వాగు దాటి కానుగ చెట్టు దగ్గరికి వెళ్లింది.

చెట్టు కింద నిలబడగానే ఆ పువ్వుల వాసన వచ్చింది. ముత్యాలు గబగబా పైకెక్కి తొర్ర కోసం వెతికింది. కనిపించలేదు. ఇంకా పైకి వెళ్లింది. అక్కడా లేదు.

"ఎవరు కావాలి?" అంటూ ఒక చిన్న కన్నంలోంచి తొండ తల బయటపెట్టింది.

"ఇక్కడ మా ఇల్లుండాలి. పెద్ద తొర్ర."

"ఈ చెట్టుకు ఉన్నది ఇదొక్కటే తొర్ర. నా ఒక్కదానికే ఇరుకు. కావాలంటే వచ్చి చూసుకో, నేను బయట నిలబడతాను."

ముత్యాలు లోపలికి దూరింది. గోడ మీద తన పాలపళ్లు కొరికిన గాట్లు అలాగే ఉన్నాయి. అన్నలు గీసిన గీతలూ ఉన్నాయి. ఇదే ఇల్లు. వెనక్కి తిరుగుదామనుకుంది. తిరగలేకపోయింది. మూతి గోడకు తగిలింది. తోక బయటే ఉండిపోయింది.

కొలిస్తే సరిగ్గా ఒక్క తోక.

అప్పుడు అర్థమైంది ముత్యాలుకు. అమ్మ గుమ్మంలో కూర్చున్నది వాన చూడ్డానికి కాదు. లోపల అమ్మకు చోటు లేదు. పిల్లల మీద జల్లు పడకుండా తన ఒంటినే తలుపు చేసుకుంది. తెల్లవార్లూ తడిసి, పొద్దున తోక విదిలించుకుంటూ, "ఎంత బాగా కురిసిందర్రా!" అనేది.

ముత్యాలు ఆ గోడకు మూతి ఆనించి చాలాసేపు ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి వీరాచారి తునికి చెట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

"ఎంత వచ్చిందమ్మా కొలత?"

"ఒక్క తోక తాతా."

"నాకు తెలుసు. మీ అమ్మకు దాన్ని చెక్కి ఇచ్చింది నేనే. ఆవిడ దగ్గర అన్ని పలుకులే ఉండేవి మరి."

"మొదటి ఏడే ఎందుకు చెప్పలేదు? ఈ తునికి తొర్ర ఐదు దెబ్బలకే వచ్చేది కదా!"

"చెబితే నమ్మేదానివా?"

ముత్యాలు తల దించుకుంది. నమ్మేది కాదు.

"ఇప్పుడిది పదిహేను దెబ్బలు. నేను తగ్గించలేను" అన్నాడు వీరాచారి.

ముత్యాలు డొప్ప తెచ్చి నూట యాభై పలుకులు పోసింది. ఇరవై మిగిలాయి. అందులో రెండు పెట్టి ఒక జామపండు కొని, కీరవాణితో చెరి సగం తింది. మూడేళ్ల తర్వాత తిన్న పండు! బూరుగు దూది తెచ్చి పరిచింది. తోక బయటికి చాపింది. బెరడు గీసుకుపోతోందని ఎవరూ అనలేదు. నెల తిరిగేసరికి తొలి వాన పడింది.

మరుసటి ఏటికి ఆ తొర్రలో ముత్యాలుకు నలుగురు పిల్లలు పుట్టారు. ఒకరినొకరు తొక్కుకుంటూ లోపలంతా దొర్లేవాళ్లు. "మా ఇల్లెంత పెద్దదో తెలుసా!" అని పొద్దస్తమానం కీరవాణి దగ్గర గొప్పలు పోయేవాళ్లు. ఒకరోజు పెద్ద వాన పట్టుకుంది. ముత్యాలు వెళ్లి గుమ్మంలో కూర్చుంది. చినుకులు వీపు మీద పడుతున్నాయి.

"లోపలికి రా అమ్మా, తడిసిపోతున్నావు" అని పిలిచింది అందరికంటే చిన్నది.

ముత్యాలు వాగు అవతలి కానుగ చెట్టు వైపు చూసింది.

"నాకు వాన చూడ్డం ఇష్టం. మీరు పడుకోండి" అంది.

నీతి: కూడబెట్టుకున్నదానికి అందే గూటిని చిన్నదని తోసేయకూడదు, మనం పెద్దదనుకునే ప్రతి ఇంటి గుమ్మంలోనూ మన కోసం ఎవరో ఒకరు తడిసే ఉంటారు.