నిప్పు తగలని చిలక

అనగా అనగా ఒక రాజు. మీరనుకునే రాజు కాదు. కిరీటం బరువుకి మెడ లాగేస్తోందని రోజుకు రెండుసార్లు తీసి పక్కన పెట్టే రాజు. పేరు ధరణిపాలుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడికి మెరిసేదంటే చాలు, ప్రాణం లేచి వచ్చేది. రెండోవాడు వివేకుడు దేన్నీ పరీక్ష చెయ్యందే నమ్మడు, పాలగ్లాసులో కూడా నీళ్లు వెతికేవాడు. మూడోవాడు సుకేతుడు. వీడు కత్తిసాము ఎగ్గొట్టి, రాజుగారి నగలు చేసే పేరయాచారి కుంపటి దగ్గర కూర్చునేవాడు.

"మా తమ్ముడు ఊదుగొట్టంతో యుద్ధం చేస్తాడట!" అని అన్నలిద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

పేరయాచారికి గౌరాంబ అని ఒక కూతురు. తండ్రి కన్నా చెయ్యి తిరిగిన పనిమంతురాలు. సుకేతుడికి పని నేర్పింది ఆమే. మేలిమి బంగారం మెత్తన, గోటితో నొక్కినా సొట్ట పడుతుంది, అందుకని నగ గట్టిగా నిలవాలంటే కాస్త రాగి కలపాలని చెప్పింది. రాగి కలిస్తే పసుపు తగ్గి ఎరుపు తిరుగుతుందని చూపించింది. రెండు ముక్కలు అతకాలంటే వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంట ఊది, అతుకు కరిగించాలి. రాయి పొదగడానికి మాత్రం మంట పనికిరాదు. మేలిమి బంగారాన్ని పల్చని రేకుగా సాగగొడితే దాన్ని కుందనం అంటారు. దాన్ని రాయి చుట్టూ చల్లగానే ఒత్తి ఒత్తి బిగిస్తారు.

ఇవన్నీ మాకెందుకమ్మమ్మా అని మొహాలు ముడుచుకోకండి. రాజుగారి ప్రాణం ఈ నాలుగు మాటల మీదే నిలబడబోతోంది.

గౌరాంబ దగ్గర పోయిన తల్లి కమ్మ ఒకటి ఉండేది, పచ్చరాయి కమ్మ. దాని కొంకి విరిగింది. ఒకరోజు ఆమె లేనప్పుడు సుకేతుడు, బాగుచేసి పెడితే మెచ్చుకుంటుంది కదా అని, రాయి అందులో ఉండగానే మంట ఊదాడు. టప్పుమని పచ్చ నిలువునా పగులిచ్చింది. గౌరాంబ వచ్చి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది పాపం.

"నిప్పు పనంతా ముందు, చిన్నరాజా. రాయి తర్వాత. రాయి కూర్చాక ఇక నిప్పు లేదు" అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి సుకేతుడు సిగ్గుతో ఆ గడప తొక్కలేదు.

ఇలా ఉండగా కాలదంష్ట్రుడనే మాంత్రికుడు సభకు వచ్చాడు. రాజ్యం ఇస్తావా అని మూడుసార్లు అడిగాడు. ఇవ్వనని మూడుసార్లు చెప్పాడు రాజు. మాంత్రికుడు గుప్పెడు బూడిద చల్లాడు. రాజుగారి పాదాలు రెండూ రాళ్లయిపోయాయి.

"నెలనెలా ఈ రాయి పైకి పాకుతుంది. తలకెక్కిన రోజున రాజ్యం నాది" అన్నాడు మాంత్రికుడు. "ఏడు సముద్రాల అవతల నా దీవిలో వెయ్యి బంగారు చిలకలున్నాయి. ఒకదానిలో నా ప్రాణం ఉంది. దమ్ముంటే వచ్చి వెతుక్కోండి. ఎన్నయినా పట్టి చూడొచ్చు. 'ఇదే' అనేది మాత్రం ఒక్కసారే. తప్పితే మీరూ రాయే!"

ఎవరూ కనిపెట్టలేరని వాడి పొగరు.

రాయి మోకాళ్లకు వచ్చింది. ప్రతాపుడు ఓడెక్కి వెళ్లాడు. చిలకల్లో అన్నిటికన్నా జిగేల్మనేదాన్ని పట్టుకుని "ఇదే!" అన్నాడు. అది గాజురాళ్ల చిలక. రాళ్ల వెనక తళుకు రేకు పెట్టారంతే. ప్రతాపుడు రాయైపోయాడు. ఆ దీవి గోరింక ఒకటి ఎగిరొచ్చి ఆ కబురు చెప్పింది.

రాయి నడుముకు వచ్చింది. వివేకుడు గీటురాయి పట్టుకుని వెళ్లాడు. ఒక్కో చిలక వీపూ దానిమీద గీసి చూశాడు. ఒకదాని గీత అచ్చమైన మేలిమి. "ఇదే!" అన్నాడు. మాంత్రికుడు పడీపడీ నవ్వాడు. "అది గట్టి ముద్దరా నాయనా! లోపల నా ప్రాణానికి చోటేదీ?" వివేకుడూ రాయైపోయాడు. గోరింక మళ్లీ వచ్చి ఇదీ పూసగుచ్చినట్టు చెప్పింది.

రాయి ఛాతీకి వచ్చింది. సుకేతుడు తండ్రి ముందు నిలబడ్డాడు.

"నువ్వూ పోతే నాకెవరున్నార్రా? వద్దు నాన్నా" అని రాజు ఏడ్చాడు. కన్నీళ్లు తుడుచుకుందామంటే చేతులు అప్పటికే రాళ్లు. సుకేతుడే తుడిచాడు.

తర్వాత ఏడాదిగా తొక్కని గడప తొక్కాడు. గౌరాంబ ఒక సంచిలో ఊదుగొట్టం, చిన్న ఉలి పెట్టింది. వాటితో పాటు ఆ పగిలిన పచ్చకమ్మ కూడా పెట్టింది.

"ఇదెందుకు?" అన్నాడు సుకేతుడు తల దించుకుని.

"మీరు తొందరపడబోయినప్పుడు తీసి చూసుకోండి."

సముద్రపు ఒడ్డున పెద్ద తాబేలొకటి కాలికి తీగ చుట్టుకుని మూలుగుతోంది. సుకేతుడు ఉలితో, కాలికి గాటు పడకుండా, ఆ తీగ తెంపాడు.

"నీ చెయ్యి భలే తేలిక నాయనా! ఎక్కడికి పోవాలి?" అంది తాబేలు.

"ఏడు సముద్రాలు దాటాలి."

"ఏడేనా? ఎక్కు."

తాబేలు నడకని నవ్వకండి, నీళ్లలో అది గుర్రం. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

చిలకల మేడ గుమ్మానికి అటూ ఇటూ అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. వాళ్లను చూడగానే సుకేతుడికి దుఃఖం ముంచుకొచ్చింది. మాంత్రికుడు కుంపటి పక్కన కూర్చుని తాంబూలం నములుతూ "కానీ, కానీ" అన్నాడు.

సుకేతుడు తూకం చూశాడు. రాళ్లు చూశాడు. నగిషీ చూశాడు. తొమ్మిది వందల చిలకలు ఒకేలా లోపల బోలువే, ఒకేలా కెంపు కళ్లవే. మూడోరోజు గోరింక రొప్పుతూ వచ్చింది.

"గడ్డం దాకా వచ్చేసింది! మీ నాన్న మాట ఆగిపోయింది!"

సుకేతుడు చేతికందిన చిలకను పట్టుకుని 'ఇదే' అనబోయి, నాలుక కరుచుకుని, సంచిలోంచి కమ్మ తీశాడు. పచ్చలోని పగులు వంక చూస్తూ ఉండిపోయాడు. రాయి కూర్చాక నిప్పు లేదు. రాయే నిప్పుకు ఓర్వలేకపోతే ప్రాణం ఓర్చుకుంటుందా? ప్రాణం లోపల పెట్టాక వీడు ఆ చిలకను మంటతో అతికి ఉండడు!

ఆ బోలు చిలకలన్నీ రెండు సగాలుగా చేసి కలిపినవే. సుకేతుడు ఒక్కోదాన్నీ వెల్లకిలా తిప్పి పొట్టకింద గీత చూశాడు. ప్రతిదానికీ మంట తగిలిన అతుకే. చివరి వరసలో, నగిషీ కూడా సరిగా కుదరని చిన్న చిలక ఒకటుంది. దాని గీత మాత్రం ఒంటికన్నా పచ్చగా, లేత పసుపుకొమ్ములా ఉంది. గోటితో నొక్కాడు. సొట్ట పడింది. కుందనం!

"ఇదే" అన్నాడు.

మాంత్రికుడి నోట్లో తాంబూలం జారి ఒళ్లో పడింది. సుకేతుడు ఉలితో కుందనం లేపాడు. లోపల నల్లని తుమ్మెద ఒకటి ఝుమ్మంటోంది.

"బాబ్బాబు, దాన్నేమీ చెయ్యకు! మీ నాన్నను వదిలేస్తాను!" అంటూనే వాడు రెండో చేత్తో బూడిద అందుకున్నాడు. గుమ్మం మీదున్న గోరింక "చెయ్యి చూడు!" అని కేక పెట్టింది. సుకేతుడు చిలకను మళ్లీ మూసి వాడి కుంపట్లోనే పడేశాడు. ఊదుగొట్టం నోట పెట్టి ఒక్కసారి ఊదాడు. అంతే. అంత మాంత్రికుడూ గుప్పెడు బూడిదయ్యాడు.

అన్నలిద్దరూ కళ్లు నులుముకున్నారు. ప్రతాపుడు ముందు బూడిదను చూశాడు, తర్వాత తమ్ముడి చేతిలో ఊదుగొట్టాన్ని చూశాడు. "ఇంకెప్పుడూ నవ్వం రా" అన్నాడు. తాబేలు ముగ్గుర్నీ ఎక్కించుకుని, బరువని దారంతా సణుగుతూ ఒడ్డు చేర్చింది. రాజు ఎదురొచ్చి, మళ్లీ తనవైన రెండు చేతులతో ముగ్గుర్నీ ఒకేసారి కౌగిలించుకున్నాడు.

"ఏం కావాలో కోరుకోరా" అన్నాడు సుకేతుడితో.

"నేను కోరుకుంటే సరిపోదు నాన్నా. గౌరాంబను అడగాలి."

పేరయాచారి ఇంటికి వెళ్లి, మాంత్రికుడి మేడలో దొరికిన మచ్చలేని పచ్చను గౌరాంబ ముందు పెట్టాడు. "పగిలినదాని బదులు" అన్నాడు.

"అక్కర్లేదు. అది మా అమ్మది. ఇప్పుడు మీ నాన్నగారిని బతికించింది కూడా" అంది గౌరాంబ. "కొంకి ఇంకా విరిగే ఉంది. అతకండి, చూస్తాను."

సుకేతుడు కుంపటి ముందు కూర్చున్నాడు. ముందు పగిలిన పచ్చను జాగ్రత్తగా ఊడదీసి పక్కన పెట్టాడు. తర్వాత వెలిగారం రాసి, మంట ఊది, కొంకి అతికాడు. కమ్మ పూర్తిగా చల్లారేదాకా చేతులు కట్టుకుని ఆగాడు. అప్పుడు రాయి కూర్చి, కుందనం ఒత్తి ఒత్తి బిగించాడు. గౌరాంబ దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసి, చెవికి పెట్టుకుంది.

"సరే" అంది.

ఏడూళ్ల జనం ఏడు రోజులు తిన్న పెళ్లి అది. అన్నలే ముందుపడి కిరీటం తమ్ముడికి పెట్టమన్నారు. అరవై ఏళ్లు చల్లగా ఏలారు సుకేతుడూ గౌరాంబా. కొలువులో రాజుకు కోపమొచ్చి ఎవరికైనా తొందరపడి శిక్ష వెయ్యబోతే, పక్కనున్న రాణి నోరు విప్పేది కాదు. ఊరికే చెవి కమ్మను ఒకసారి సవరించుకునేది. రాజు ఆగి, మొదటినుంచి మళ్లీ చెప్పమనేవాడు.